మేడమ్ వాళ్ళ అమ్మ పిండి

బహ్రెయిన్‌లో ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో మేడమ్ ఇంట్లో పనికి చేరిన మొదటి రోజు ఆవిడ నాకు ముందుగా చూపించింది పడకగది కాదు, బట్టల మిషను కాదు. ఫ్రిజ్ తలుపు తీసి, రెండో అరలో వెన్న పక్కనున్న గాజు సీసా చూపించింది. లోపల బూడిద రంగు పిండి, దాని మీద చిన్న చిన్న బుడగలు. మూత వదులుగా ఉంది. దగ్గరికి వంగితే మూడో రోజు దోసెల పిండి వాసన. సీసా మీద కాగితం అంటించి, వాళ్ళ భాషలో ఒకే ఒక్క మాట రాసి ఉంది.

"ఏమని రాశారు మేడమ్?"

"అమ్మ."

ఆవిడది జర్మనీ. భర్త బహ్రెయిన్‌లో ఉద్యోగం చేసి ఇక్కడే పోయాడు. ఆవిడ వెనక్కి వెళ్ళలేదు. ఎండ అలవాటైపోయిందనేది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే. నా ఇంగ్లీషు అంతకు ముందు రెండిళ్ళలో గిన్నెలు తోముతూ నేర్చుకున్నది, బళ్ళో చదివింది అయిదో తరగతి. అందుకని ఆవిడ ఒక్కో మాటా విడదీసి, చిన్నపిల్లకి గోరుముద్ద పెట్టినట్టు చెప్పేది. బహుశా అందుకేనేమో ఆవిడ మాటలన్నీ నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

ఆ పిండి వాళ్ళ అమ్మ పెళ్ళై వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట. రొట్టె చేసినప్పుడల్లా కాస్త తీసి కొత్త పిండిలో కలపడం, తీసినంత మేర రై అనే నల్ల పిండీ నీళ్ళూ పెట్టడం. అంతే. మనం పెరుగుకి తోడు మిగుల్చుకున్నట్టు. వాళ్ళ అమ్మ పోయింది, ఇల్లు అమ్మేశారు, సామానంతా ఎవరెవరో పట్టుకుపోయారు. చిన్న సీసాలో పోసి, చేతిసంచీలో పెట్టుకుని ఈ దీవికి తెచ్చిన ఈ పిండి ఒక్కటే మిగిలింది.

"దీనికి రోజూ తిండి పెట్టాలి. పెట్టకపోతే చచ్చిపోతుంది," అంది మేడమ్.

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

మేడమ్ వాళ్ళ దేశంలో పాత భాషలు చెప్పే టీచరు. ఇప్పుడు పుస్తకం రాస్తోంది. పొద్దున టిఫినయ్యాక భోజనాల బల్ల మీద చీటీలు పరుచుకుని కూర్చునేది. గోడ మీద కూడా చీటీలే, వాటి మధ్య ఊలు దారాలు. నేను తుడుస్తూ కిందపడిన చీటీ తీసిచ్చి, ఏమిటిదంతా అని అడిగాను. ఒక మాట గురించి అంది.

"ఒక్క మాట మీద పుస్తకమా? ఏం మాట మేడమ్ అది?"

"రొట్టె."

గోడ మీద అన్నిటికంటే పైన ఉన్న చీటీ చూపించింది. హ్లైబజ్ అని చదవాలట. ఆ మాట ముందు చిన్న నక్షత్రం గుర్తు. "ఈ మాట రాసి ఉన్న కాగితం గానీ, రాయి గానీ లోకంలో ఎక్కడా లేదు," అంది. "రాత లేని మనుషులు మాట్లాడుకున్న మాట. దాని పిల్లలు మాత్రం ఉన్నారు. ఆ పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి చూసి, తల్లి ఇలా ఉండి ఉంటుంది అనుకుంటాం. అనుకున్నదే తప్ప చూసింది కాదు అని చెప్పడానికి ఆ నక్షత్రం."

నాకు అది చప్పున అర్థమైంది. మా అమ్మ పోయాక గానీ ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదని మాకు తెలియలేదు. తణుకులో కొట్లకి బోర్డులు రాసే ఆయన దగ్గరికి అక్కా, నేనూ, తమ్ముడూ వెళ్ళి వరసగా కూర్చున్నాం. అక్క కళ్ళు, నా నుదురు, తమ్ముడి గడ్డం తీసుకుని ఆయన అమ్మ బొమ్మ వేశాడు. దండ వేసి పెట్టుకున్నాం. అది అచ్చంగా అమ్మ కాదని ముగ్గురికీ తెలుసు. కాదని ఎవరం అనలేదు.

ఈ సంగతి చెబితే మేడమ్ కలం కింద పెట్టి నవ్వింది. "అయితే ఆ బొమ్మ మూల కూడా ఒక నక్షత్రం ఉండాలి," అంది.

ఆ రోజు నుంచి నాకు ఆ వంశమంతా నోటికి వచ్చేసింది. ఒక కూతురు జర్మనీలో, లైబ్ అంటారు. ఒకతె ఇంగ్లండులో, లోఫ్ అంటారు. ఇంకొకతె మంచుదేశం ఐస్‌లాండులో, దాని పేరు పలకడానికి నా నాలుక తిరిగేది కాదు. వీళ్ళు కాక, పక్కింటివాళ్ళు తోడు పట్టుకెళ్ళినట్టు రష్యావాళ్ళు పట్టుకెళ్ళి ఖ్లెబ్ అనుకున్నారు, ఫిన్లాండువాళ్ళు లేయిపా అనుకున్నారు. కూర తరుగుతూ నేను వరస తప్పకుండా అప్పజెబితే మేడమ్ చప్పట్లు కొట్టేది.

"మరి ఆ తల్లికి తల్లెవరు మేడమ్?"

"తెలియదు. వెతికిన వాళ్ళందరం ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయాం."

ఇంగ్లండు కూతురికి ఇద్దరు పిల్లలున్నారట. లార్డ్ ఒకటి. అంటే మొదట్లో రొట్టెకి కాపలా ఉండేవాడని. లేడీ ఒకటి. అంటే రొట్టె పిండి కలిపే ఆమె అని. ఇది విన్న రోజు నా రెండు చేతులూ మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి.

"అయితే ఈ ఇంట్లో లేడీని నేనే కదా మేడమ్?"

"అంతేగా మరి. నేను నీ కింద చీటీలు రాసుకునే గుమాస్తాని."

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

నా తప్పుల్లో మొదటిది అప్పటికే జరిగిపోయింది. గుదైబియా పేటలో నాకొక ఒదిన ఉంది. సొంత ఒదిన కాదు, మా పక్క ఊరు. బ్యాచిలర్ల మెస్సులో వంట చేస్తుంది. శుక్రవారం సెలవు రోజున వాళ్ళ గదికి వెళ్ళేదాన్ని. నేను తీసుకెళ్ళిన మేడమ్ రొట్టె తిని ఒకసారి, "అబ్బ, ఏం పులుపే ఇది! ఆ పిండి కాస్త పట్రా. మా కుర్రాళ్ళకి దిబ్బరొట్టెలో కలిపి చూస్తా," అంది. మేడమ్‌ని అడిగితే ఇచ్చేదో ఇవ్వదో. మా అమ్మ చేతి నుంచి నా చేతికి, మూడో చెయ్యి తగల్లేదు అని ఆవిడ గొప్పగా చెప్పడం విన్నాను. అందుకని అడగలేదు. ఖాళీ ఆవకాయ సీసాలో రెండు గరిటెలు వేసి, సంచీలో బట్టల కింద పెట్టి పట్టుకెళ్ళాను. తోడే కదా, తోడు ఇస్తే తరిగిపోతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ తరువాతి చలికాలం మేడమ్ వాళ్ళ ఊరు వెళ్ళింది. పది రోజులు. గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడి, "నేను వచ్చేదాకా పిండికి కాపలా నువ్వే. లేడీవీ నువ్వే, లార్డ్‌వీ నువ్వే," అంది. మీరు నిశ్చింతగా వెళ్ళి రండి అన్నాను.

రోజూ పెట్టాను. ఎనిమిది రోజులు ఒక్క పూట తప్పలేదు. ఎనిమిదో రోజు సాయంత్రం ఒదిన ఫోన్ చేసింది.

"ఏమే, రేపు పొద్దున్నే సూర్యగ్రహణం. తెలుసా?"

"ఇక్కడ కూడానా ఒదినా?"

"సూర్యుడు అక్కడొకడు ఇక్కడొకడు ఉన్నాడటే! పొద్దున ఏం తినకు. విడిచాక తలస్నానం చేసి ఇల్లు కడుక్కో. నిలవున్నవన్నీ పారబొయ్యి. నీళ్ళ తడి ఉన్నవి, పులిసినవి అసలు ఉంచకు. మీ మేడమ్ ఎప్పుడొస్తుంది?"

"ఎల్లుండి విమానం."

"అయ్యో, ప్రయాణంలో ఉన్న మనిషి. మరీ జాగర్త."

ఫోన్ పెట్టేశాక నాకు అమ్మ గుర్తొచ్చింది. నాకు ఏడేళ్ళప్పుడు ఇంట్లో ఉన్నదంతా ఒక కుండెడు గంజి. గ్రహణం అని ముందు తెలియలేదు, దర్భ వేసి పెట్టలేదు. విడిచాక అమ్మ ఆ కుండ ఎత్తి పెంట మీద పారబోసింది. తమ్ముడు ఏడుస్తున్నాడు. అమ్మా ఏడుస్తోంది. అయినా పారబోసింది. మా అమ్మ నాకు ఇచ్చిన నగలు లేవు, బట్టలు లేవు. ఇలాంటివే ఇచ్చింది.

మర్నాడు గ్రహణం విడిచాక స్నానం చేసి ఫ్రిజ్ తీశాను. నా అన్నం, పప్పు, పెరుగు తీసేశాను. వెన్నా జున్నూ కంపెనీ మూతలతో ఉన్నాయి, వాటికి పట్టదనుకున్నాను. మిగిలింది సీసా. నీళ్ళ తడి ఉంది. పులిసింది. మూత వదులు. బహ్రెయిన్‌లో దర్భ ఎక్కడ దొరుకుతుంది, దొరికినా ఇప్పుడు వేసి ఏం లాభం? సీసా చేతిలో పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. రేపు ఆవిడ గాల్లో ఉంటుంది. వచ్చి ఈ పిండితో రొట్టె చేసుకు తింటుంది. ఆవిడకి ఏమైనా అయితే? తోడుకేం, గుదైబియాలో ఒదిన దగ్గర ఉండనే ఉంది, శుభ్రమైనది తెచ్చి పోస్తే సరి అనుకున్నాను.

కిందికి తీసుకెళ్ళాను. చెత్త డబ్బా పక్కన కొక్కేనికి ఎప్పట్లాగే ఖుబ్బూస్ రొట్టె ముక్కల సంచీ వేలాడుతోంది. ఇక్కడివాళ్ళు పాడైన రొట్టెని కూడా చెత్తలో కలపరు, విడిగా కడతారు, ఎవరో మేకలకి పట్టుకెళతారు. నేను ఆ సంచీ చూశాను. చూసి కూడా, పిండి డబ్బాలోనే వేశాను.

పైకొచ్చి సీసాని సబ్బుతో తోమాను. అమ్మ అని రాసిన కాగితం తడిసి ఉబ్బింది. దాన్ని వేళ్ళతో అద్దుతుంటే అప్పుడు తట్టింది నా బుద్ధికి. నాకు పారెయ్యమని చెప్పిన మనిషి, తన దగ్గరున్నది ఉంచుకుంటుందా?

టాక్సీ పట్టుకుని గుదైబియా వెళ్ళాను. మెట్లెక్కేసరికి వంటింట్లో రొట్టె వాసన. ఒదిన పొయ్యి దగ్గర ఉంది. డ్యూటీ లేని తెలంగాణ అబ్బాయి ఒకతను కంచం పట్టుకుని కూర్చుని, "అక్కా, గ్రహణం పోయి గంటాయె. ఇంకొక రొట్టె ఏస్తవా, నన్ను గూడ పారబోస్తవా?" అంటున్నాడు.

"ఒదినా, ఆ పిండి పారేశావా?"

"ఏ పిండి?"

"మా మేడమ్‌ది. నేనిచ్చింది."

"నేనెందుకు పారేస్తానే? ముప్పై మందికి టిఫిను ఎక్కణ్ణుంచి తేను? రాత్రే తులసాకు వేసి పెట్టా. దర్భ లేకపోతే తులసాకు చాలదూ!" అని బాల్కనీలో కుండీ చూపించింది.

"ఆ ముక్క నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలీదని నాకేం తెలుసు? అయినా నువ్వు దోసెల పిండి పారేస్తావనుకున్నా గానీ, ఆవిడ సీసా ముట్టుకుంటావని ఎవరనుకున్నారే!"

అంతలోనే నా మొహం చూసి మెత్తబడింది. పెద్ద ప్లాస్టిక్ డబ్బా మూత తీసింది. "ఇదిగో, ఇది మీ మేడమ్‌దే కదా. పట్టుకెళ్ళు. కాకపోతే మినప్పిండి కలిపా, బియ్యం కడుగు పోశా. మా ఇంటి తిండి తిని కాస్త తెల్లబడింది, అంతే."

తెల్లగా, నురుగు నురుగ్గా ఉంది. వాసన మన ఇళ్ళ వాసన. రెండు గరిటెలు తెచ్చి, ఆ మిగిలిన రోజూ మర్నాడూ నల్ల పిండి పెట్టీ పెట్టీ రంగు మార్చాను. కాగితం ఆరబెట్టి మళ్ళీ అంటించాను. పారబొయ్యడం నా రెండో తప్పైతే ఇది మూడోది. నాకు మాత్రం ఇదే పెద్దది. పారబోసినప్పుడు నేను భయంతో చేశాను. అంటించినప్పుడు తెలిసి చేశాను.

మేడమ్ వచ్చింది. కోటు కూడా విప్పకుండా సీసా మూత తీసి వాసన చూసింది. మళ్ళీ చూసింది. నా వైపు చూస్తుందేమో అని నేను గిన్నెలు సర్దుతున్నాను. ఆవిడ మూత పెట్టి కోటు విప్పింది. మర్నాడు రొట్టె చేశాం. ఒక ముక్క నమిలి, కిటికీలోంచి చూస్తూ, "నేను లేక అలిగినట్టుంది," అంది. నేను అవును మేడమ్ అన్నాను.

రెండు నెలలు ఆ అవును మీదే గడిపాను. ఆవిడ వారానికి రెండుసార్లు రొట్టె చేసేది, ప్రతిసారీ మొదటి ముక్క నెమ్మదిగా నమిలేది. ఒకసారి ఫ్రిజ్ దగ్గర నిలబడి సీసా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. నేను వెనక్కి వచ్చేశాను.

పుస్తకం అయిపోవచ్చింది. ఆ వేళ నన్ను పిలిచి కూర్చోబెట్టి, ఆఖరి పేజీ చదివి వినిపించింది. నాకు అర్థమయ్యేలా ఆపి ఆపి చెప్పింది. ఆ మాట పుట్టిన చోటు ఎవరికీ తెలియదు, దాని తల్లిని ఎవరూ చూడలేదు. కానీ నా వంటింట్లో నేను చూసిన తల్లి ఒకటుంది. మా అమ్మ చేతి నుంచి నా చేతికి వచ్చిన పిండి ఒక్క రోజు కూడా తెగకుండా బతికే ఉంది. అలా ఉంది చివరి మాట.

"రేపు పంపించేస్తాను. అచ్చుకి. వెనక నీ పేరు కూడా రాశాను, పిండిని చూసుకున్నందుకు."

నా పేరు అనేసరికి నా వల్ల కాలేదు. ఆవిడ నా వల్ల అబద్ధం అచ్చు వేస్తుంది. దాని పక్కన నా పేరుంటుంది.

"మేడమ్, అది రాయకండి," అన్నాను.

"నీ పేరా? ఎందుకు?"

"రెండూ."

చెప్పేశాను. ఆవకాయ సీసా దగ్గర్నుంచి చెప్పాను. గ్రహణం, దర్భ, మా అమ్మ పారబోసిన గంజి, చెత్త డబ్బా, ఒదిన డబ్బా. నా ఇంగ్లీషు సగంలో అయిపోతే తెలుగులో చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక ఒకటే అడిగింది.

"సీసా కడిగేశావా?"

"కడిగాను మేడమ్."

"సబ్బుతోనా?"

"సబ్బుతోనే."

ఆవిడ రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. చివరికి చాలా చిన్న గొంతుతో అంది. "వచ్చిన రోజే వాసన తేడాగా ఉంది. నేను ముసలిదాన్నైపోయాననుకున్నాను. మా అమ్మ వాసన నేనే మరిచిపోయాననుకున్నాను. రెండు నెలల నుంచి దాన్ని గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను."

తిట్టి ఉంటే బాగుండేది. టికెట్ కొని ఇంటికి పంపించేసినా బాగుండేది. నేను పారేసింది పిండి ఒక్కటే అనుకున్నాను. ఆవిడకి తన ముక్కు మీద, తన గుర్తు మీద ఉన్న నమ్మకం కూడా నేనే తీసేశానని అప్పటిదాకా నాకు తట్టలేదు. కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు, లేవమనీ అనలేదు. ఆ చివరి వాక్యం మీద గీత కొట్టింది. నా పేరు మీద కూడా కొట్టింది. న్యాయమే.

వారం రోజులు రొట్టె చెయ్యలేదు. కొట్లో రొట్టె తెచ్చుకుంది. నాతో మాట్లాడింది గానీ, ఉప్పుందా, తలుపు వేశావా అన్నంత వరకే. వంశం అప్పజెప్పమని అడగలేదు. ఆ వచ్చిన శుక్రవారం నేను బయల్దేరుతుంటే చెప్పులేసుకుని, "నేనూ వస్తాను," అంది.

ఒదిన గదిలో ఉన్న ఒక్క కుర్చీ మేడమ్‌కి వేశారు. ఒదిన దిబ్బరొట్టె కాల్చి పెట్టింది. పక్కన అల్లప్పచ్చడి. నా చెవిలో, "పోలీసుని తెచ్చావేమో అనుకున్నానే," అంది. మేడమ్ ముక్క తుంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు నమిలింది.

"కారం ఎక్కువైందా అడగవే," అంది ఒదిన.

మేడమ్ కళ్ళు తెరిచి డబ్బా చూపించమంది. ఏమేం కలిపావు, ఎన్నాళ్ళకొకసారి పెట్టావు అని అడిగింది. ఒదిన చెబుతుంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. మేడమ్ సంచీలోంచి చీటీ తీసి అన్నీ రాసుకుంది. "లోపల ఎక్కడో ఉంది," అంది నాతో. "ఉందనే అనుకుంటున్నాను."

ఫర్వాలేదు అని మాత్రం అనలేదు. ఇప్పటికీ అనలేదు. నేను అడగలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి నేను ఫ్రిజ్ తీసేసరికి సీసా మీద కొత్త కాగితం ఉంది. వాళ్ళ భాషలో అదే మాట, అమ్మ అని. దాని ముందు, చీటీలు రాసే నల్ల కలంతో, చిన్న నక్షత్రం.

ఇప్పుడు వారానికి రెండుసార్లు మళ్ళీ రొట్టె చేస్తున్నాం. పిండి నేనే కలుపుతాను. మొన్న గ్రహణం వచ్చినప్పుడు ఒదిన ఇచ్చిన తులసాకు ముందుగానే కడిగి సీసాలో వేశాను. మేడమ్ గుమ్మంలో నిలబడి చూసింది, వెళ్ళి చీటీల దగ్గర కూర్చుంది. మూత వదులుగా పెట్టి, సీసాని అరలో తిప్పి ఆ నక్షత్రం గోడవైపు ఉండేలా పెట్టబోయాను. మళ్ళీ నావైపుకే తిప్పి, తలుపు వేశాను.